పాత పికప్ వాహనాలలో ముందు సస్పెన్షన్ భాగాల మార్పిడి: అమరిక, బలం, భద్రత

పొలంలో పండిన పంటను మార్కెట్ యార్డుకు, ఎరువును, విత్తనాన్ని, పశువుల దాణాను ఇంటికి చేర్చడంలో ట్రాక్టరు ట్రాలీతో పాటు పికప్ వాహనం కూడా నేడు రైతుకు ముఖ్యమైన సాధనమైంది. ఈ వాహనం జీవితకాలాన్ని ఇంజిన్ ఒక్కటే నిర్ణయించదు. గతుకుల బాటలలో నిండు బరువుతో తిరిగే పికప్‌లో ముందుగా అరిగేవి ముందు చక్రాలను పట్టి ఉంచే భాగాలే. బాల్ జాయింట్లు, బుష్‌లు, స్ప్రింగులు, స్టబ్ యాక్సిళ్లు, స్టీరింగ్ లింకులు ఈ కోవలోనివి. వాహనం పాతబడిన కొద్దీ ఈ భాగాలు కొత్తవి దొరకడం కష్టమవుతుంది. అప్పుడు యజమాని దృష్టి పాత సామాన్ల దుకాణం వైపు మళ్లుతుంది. అదే కంపెనీకి చెందిన మరో నమూనా నుంచి, కొన్నిసార్లు వేరే కంపెనీ వాహనం నుంచి కూడా భాగాలను తెచ్చి అమర్చడం ప్రపంచమంతటా ఉన్న వాడుకే.

ఈ మార్పిడి సక్రమంగా జరిగితే పాత వాహనం మరికొన్ని సంవత్సరాలు నమ్మకంగా పనిచేస్తుంది, బ్రేకుల సామర్థ్యం కూడా పెరగవచ్చు. అక్రమంగా జరిగితే నిండు లోడుతో వాలు దిగుతున్న సమయంలో ముందు చక్రం ఊడిపోయే ప్రమాదం ఉంది. ఈ రెండింటి మధ్య భేదం మెకానిక్ చేతి నేర్పుపై మాత్రమే ఆధారపడినది కాదు, కొన్ని స్పష్టమైన యాంత్రిక సూత్రాలపై ఆధారపడినది. ఆ సూత్రాలను, వాటికి ఉదాహరణగా అమెరికా వ్యవసాయ క్షేత్రాలలో దశాబ్దాలపాటు సేవ చేసిన పికప్ వాహనాల అనుభవాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే కుటుంబం, నాలుగు దశలు

భాగాల మార్పిడిని అధ్యయనం చేయడానికి జనరల్ మోటార్స్ సంస్థ తయారుచేసిన షెవ్రొలే సి-10 శ్రేణి చక్కని ఉదాహరణ. ఈ శ్రేణిలో ‘సి’ అక్షరం వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే వాహనాన్ని, ‘కె’ అక్షరం నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనాన్ని సూచిస్తుంది. 1960లో వచ్చిన నమూనాలో ముందు చక్రాలకు విడివిడిగా కదిలే సస్పెన్షన్‌ను టార్షన్ బార్‌లతో ఏర్పాటు చేశారు. మెలితిరిగే పొడవైన ఉక్కు కడ్డీయే ఇందులో స్ప్రింగుగా పనిచేస్తుంది. 1963లో ఆ పద్ధతిని విడిచి, పై ఆర్మ్, కింది ఆర్మ్, వాటి మధ్య చుట్ల స్ప్రింగు గల అమరికను ప్రవేశపెట్టారు. 1971లో ముందు చక్రాలకు డ్రమ్ము బ్రేకుల స్థానంలో డిస్క్ బ్రేకులు వచ్చాయి. 1973 నుంచి 1987 వరకు సాగిన తరువాతి తరంలోనూ చుట్ల స్ప్రింగు పద్ధతే కొనసాగింది.

ఈ చరిత్రలో మార్పిడికి సంబంధించిన మొదటి పాఠం ఉంది. బయటి ఆకారం దాదాపు ఒకటే అయినప్పటికీ, 1962 నాటి కింది ఆర్మ్‌ను 1963 నాటి వాహనానికి అమర్చడం కుదరదు. మొదటిది టార్షన్ బార్‌ను పట్టుకోవడానికి తయారైనది, రెండవది చుట్ల స్ప్రింగుకు పీఠంగా ఉండేది. భారం ప్రయాణించే మార్గమే మారిపోయింది. మరోవైపు 1963 నుంచి 1972 వరకు తయారైన వాహనాలలో బయటి తొడుగు మారినా లోపలి అమరిక సూత్రం మారలేదు. అందువల్ల 1971-72 నాటి డిస్క్ బ్రేకు భాగాలను అంతకు ముందరి వాహనాలకు అమర్చడం అక్కడి యజమానులలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. వాహనం పేరు, తయారైన సంవత్సరం, బయటి రూపం అనే మూడింటి కంటే ‘భారం ఏ మార్గంలో చక్రం నుంచి ఛాసీకి చేరుతోంది’ అనే ప్రశ్నే మార్పిడికి ప్రమాణం కావాలి.

విడి భాగమా, మొత్తం అమరికా?

ఈ శ్రేణి వాహనాలలో రెండు వైపుల ఆర్మ్‌లు, స్ప్రింగులు, స్టబ్ యాక్సిళ్లు అన్నీ ఒక బలమైన క్రాస్ మెంబర్‌పై కూర్చుంటాయి. ఆ క్రాస్ మెంబర్ ఛాసీ పట్టీలకు బిగించి ఉంటుంది. ఇంజిన్‌ను విడిగా ఎత్తిపట్టి, బ్రేకు గొట్టాలు, స్టీరింగ్ లింకులు విడదీసి, క్రాస్ మెంబర్‌ను వదులు చేస్తే ముందు సస్పెన్షన్ యావత్తూ ఒకే ముక్కగా కిందికి దిగుతుంది. ఈ సౌలభ్యం కారణంగానే 1973-87 తరానికి చెందిన మొత్తం అమరికను, కొన్ని రంధ్రాలు కొత్తగా వేసి, 1963-72 తరం ఛాసీకి బిగించడం ప్రసిద్ధమైన మార్పిడిగా నిలిచింది.

విడి భాగాలను కలపడం కంటే మొత్తం అమరికను మార్చడం మేలు కావడానికి కారణం ఉంది. పై ఆర్మ్ పొడవు, కింది ఆర్మ్ పొడవు, వాటి ఇరుసుల మధ్య దూరం, స్టబ్ యాక్సిల్ ఎత్తు, టై రాడ్ పొడవు అనేవి ఒకదానికొకటి సరిపోయేలా రూపకర్తలు లెక్కించిన కొలతలు. చక్రం పైకి కిందికి కదిలేటప్పుడు ఆర్మ్‌ల చివరలు ఒక వలయ రేఖలో తిరుగుతాయి. టై రాడ్ చివర కూడా దానికి సరిపడే వలయ రేఖలోనే తిరగాలి. ఈ రెండు రేఖలు కలవకపోతే, స్టీరింగ్ చక్రం కదలకుండా పట్టుకున్నప్పటికీ ప్రతి గతుకుకూ ముందు చక్రం దానంతట అదే పక్కకు తిరుగుతుంది. దీనిని బంప్ స్టీర్ అంటారు. ఖాళీ వాహనంలో ఇది చిన్న ఇబ్బందిగా తోచవచ్చు. లోడు పడి స్ప్రింగులు కుంగినప్పుడు, వేగంలో, ఇది వాహనాన్ని రోడ్డు దాటించగలదు.

కాబట్టి ఒక వాహనం నుంచి స్టబ్ యాక్సిల్, మరొక దాని నుంచి ఆర్మ్, మూడవ దాని నుంచి టై రాడ్ తెచ్చి కలపడం కంటే, ఒకే దాత వాహనం నుంచి అమరికను సంపూర్ణంగా తీసుకోవడం శ్రేయస్కరం. అలా చేసినప్పుడు కూడా స్టీరింగ్ బాక్సు, దాని ఎదుటి వైపు ఉండే ఐడ్లర్ ఆర్మ్ ఛాసీపైనే ఉండిపోతాయి గనుక, కొత్త లింకులతో వాటి ఎత్తు, స్థానం పొసగుతున్నాయో లేదో కొలిచి చూడటం తప్పనిసరి.

వీల్ నట్లు, స్టెప్నీ సమస్య

చిన్నదిగా కనిపించే భేదం రైతుకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టగలదనడానికి ఇదే శ్రేణిలో మరో ఉదాహరణ ఉంది. 1970 వరకు సి-10 చక్రాలకు 6 బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వలయంపై ఉండేవి. 1971లో డిస్క్ బ్రేకులతో పాటు అవి 5 బోల్టులుగా, 127 మిల్లీమీటర్ల వలయంపైకి మారాయి. నాలుగు చక్రాల శక్తి గల కె-10 మాత్రం 6 బోల్టుల పద్ధతిలోనే కొనసాగింది. 1968 నాటి వాహనానికి ముందు మాత్రమే 1972 నాటి భాగాలను అమర్చితే, ముందు 5 బోల్టుల చక్రాలు, వెనుక 6 బోల్టుల చక్రాలు మిగులుతాయి. ఒక స్టెప్నీ చాలదు, రెండు రకాలు మోయాలి. పంటతో నిండిన వాహనం రాత్రివేళ దారిలో పంక్చరై, వెంట ఉన్న స్టెప్నీ ఆ ఇరుసుకు సరిపడకపోతే జరిగే నష్టం మార్పిడిలో ఆదా చేసిన సొమ్ము కంటే ఎక్కువే కావచ్చు. త్వరగా పాడయ్యే టమాటా, ఆకుకూరలు, పాలు వంటి సరుకు విషయంలో ఇది మరింత నిజం. వెనుక ఇరుసును కూడా మార్చడమో, పాత బోల్టుల వలయానికి సరిపడే డిస్కులను ఎంచుకోవడమో ముందే నిర్ణయించుకోవాలి.

రంధ్రాలు సరిపోయినంత మాత్రాన చక్రం సరిపోయినట్లు కాదు. చక్రం మధ్య రంధ్రం హబ్‌పై సరిగా కూర్చోవాలి. నట్టు చివరి ఆకారం, శంఖాకృతి గాని, గోళాకృతి గాని, చక్రంలోని గుంటతో సరిపోవాలి. డిస్క్ బ్రేకు కాలిపర్‌కు, చక్రం లోపలి అంచుకు మధ్య తగినంత ఖాళీ ఉండాలి. చక్రం బయటికి జరిగిన కొద్దీ బేరింగుపై భారం పెరుగుతుంది. ఒక ముందు చక్రంపై 600 కిలోల బరువు ఉన్నదనుకుంటే, చక్రం 25 మిల్లీమీటర్లు బయటికి జరిగినప్పుడు హబ్‌పై అదనంగా పడే వంపు బలం సుమారు 147 న్యూటన్ మీటర్లు. ఇది నిలిచి ఉన్నప్పటి లెక్క. గతుకులలో ఇది అనేక రెట్లు అవుతుంది.

డ్రమ్ము నుంచి డిస్కుకు

ముందు సస్పెన్షన్ మార్పిడికి అనేకమంది పూనుకోవడానికి అసలు కారణం డిస్క్ బ్రేకులే. నీటిలో తడిసినా, వాలు దారిలో వేడెక్కినా డ్రమ్ము కంటే డిస్కు తన పట్టును మెరుగుగా నిలుపుకుంటుంది. అయితే స్టబ్ యాక్సిల్, డిస్కు, కాలిపర్ అమర్చడంతో పని ముగిసినట్లు భావించడం పొరపాటు.

డ్రమ్ము బ్రేకులో తిరిగే డ్రమ్మే షూను మరింత లోపలికి లాగుకొని తన బలాన్ని తానే పెంచుకుంటుంది. డిస్కులో ఆ గుణం లేదు. కాబట్టి అంతే ఫలితానికి ఎక్కువ ఒత్తిడి కావాలి, బూస్టర్ అవసరం కావచ్చు. కాలిపర్ పిస్టన్ పెద్దది గనుక మాస్టర్ సిలిండర్ పంపవలసిన ద్రవం కూడా ఎక్కువ. డ్రమ్ము బ్రేకుల లైనులో కొంత ఒత్తిడిని ఎల్లప్పుడూ నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వ్ ఉంటుంది. దాని ఒత్తిడి సుమారు 10 పీఎస్ఐ. దానిని తొలగించకుండా డిస్కును కలిపితే బ్రేకు ప్యాడ్లు ఎప్పుడూ డిస్కును రాసుకుంటూ వేడెక్కుతాయి. మాస్టర్ సిలిండర్ నేల కింద, కాలిపర్ కంటే దిగువన ఉండే మరింత పాత వాహనాలలో మాత్రం ద్రవం వెనక్కు జారకుండా సుమారు 2 పీఎస్ఐ వాల్వ్ పెడతారు. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్నప్పుడు వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుపోకుండా ఒత్తిడిని పంచే ప్రొపోర్షనింగ్ వాల్వ్ కూడా కావాలి.

ఈ శ్రేణిలో 1967 నుంచి రెండు గదుల మాస్టర్ సిలిండర్ వచ్చింది. అంతకు ముందరి వాహనాలలో ఒకే గది ఉండేది. ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోయే అమరిక అది. అటువంటి వాహనానికి డిస్కులు పెట్టి, పాత ఒంటి గది మాస్టర్ సిలిండర్‌ను అలాగే ఉంచడం సమర్థనీయం కాదు.

కోనాకార పట్టు: కంటికి కనపడని లోపం

బాల్ జాయింట్ కాడ, టై రాడ్ ఎండ్ కాడ నిటారుగా ఉండవు, కోనాకారంలో సన్నబడుతూ ఉంటాయి. స్టబ్ యాక్సిల్‌లోని రంధ్రం కూడా అదే కోనాకారంలో ఉంటుంది. నట్టు బిగించినప్పుడు రెండు ఉపరితలాలు ఒకదానిలో ఒకటి దిగబడి ఒకే ముక్కలా పనిచేస్తాయి. భారాన్ని మోసేది ఈ పట్టే. నట్టు పని ఆ పట్టును నిలిపి ఉంచడం మాత్రమే.

వాహనాలలో సాధారణంగా కనిపించే కోనాకారపు వాలులలో 1:8, 1:6 అనే రెండు ఉన్నాయి. మొదటి దాని పూర్తి కోణం సుమారు 7.2 డిగ్రీలు, రెండవ దానిది సుమారు 9.5 డిగ్రీలు. భేదం రెండున్నర డిగ్రీల లోపే. ఒక దాని కాడ మరొక దాని రంధ్రంలో దూరుతుంది, నట్టు బిగుస్తుంది, చేతితో కదిపితే కదలదు. అయినా పట్టు అంతా ఒక అంచు మీదనే ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత ఆ అంచు అరిగి, కాడ ఊగడం మొదలై, చివరకు విరుగుతుంది. ముందు సస్పెన్షన్ మార్పిడిలో అత్యంత ప్రమాదకరమైన లోపం ఇదే, ఎందుకంటే బిగించిన రోజున ఇది కనిపించదు.

దీనిని కనిపెట్టే పద్ధతి సులభం. కాడను శుభ్రంగా తుడిచి, ఫిట్టర్లు వాడే నీలిరంగు మార్కింగ్ పేస్టును పలుచగా పూసి, రంధ్రంలో నొక్కి, కొద్దిగా తిప్పి తీయాలి. రంగు గుర్తు రంధ్రం పొడవునా సమంగా అంటుకుంటే పట్టు సరైనది. ఒక వలయంగా పైన గాని కింద గాని మాత్రమే అంటితే ఆ జోడు పనికిరాదు. రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేయడం, వాషర్లతో ఎత్తు సరిచేయడం, కాడకు వెల్డింగ్ పెట్టడం అనేవి పరిష్కారాలు కావు. తగిన కోనాకార రీమర్‌తో గాని, అదే కొలతకు తయారైన కోనాకార స్లీవ్‌తో గాని, నైపుణ్యం గల యంత్రశాలలో మాత్రమే సరిచేయించాలి.

స్ప్రింగు లెక్క

‘బరువైన బండి స్ప్రింగు వేస్తే ఎక్కువ లోడు మోస్తుంది’ అనే అభిప్రాయం బలంగా పాతుకుపోయి ఉంది. స్ప్రింగు బిగువు దాని కమ్మీ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. తక్కిన కొలతలు ఒకటే అయితే, 16 మిల్లీమీటర్ల కమ్మీకి బదులు 17 మిల్లీమీటర్లది వాడినప్పుడు బిగువు సుమారు 27 శాతం పెరుగుతుంది. కంటికి కనిపించని ఒక్క మిల్లీమీటరు ప్రభావం ఇది. అలాగే పనిచేసే చుట్లు 8 ఉన్న స్ప్రింగులో ఒక చుట్టును కోసివేస్తే మిగిలిన స్ప్రింగు బిగువు సుమారు 14 శాతం పెరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. గ్యాస్ మంటతో వేడిచేసి కుంగదీయడం మరీ హానికరం. ఉక్కుకు ఇచ్చిన పదును ఆ చోట పోయి, స్ప్రింగు క్రమంగా కుంగడమో, అకస్మాత్తుగా విరగడమో జరుగుతుంది.

స్ప్రింగు చక్రం దగ్గర కాక, కింది ఆర్మ్ మధ్య భాగంలో కూర్చుంటుందనే విషయం కూడా గుర్తించాలి. ఆర్మ్ పొడవులో 60 శాతం దూరంలో స్ప్రింగు ఉన్నదనుకుంటే, చక్రం వద్ద తెలిసే బిగువు స్ప్రింగు అసలు బిగువులో 36 శాతం మాత్రమే. ఆ నిష్పత్తి వర్గంగా పనిచేస్తుంది. అందువల్ల వేరే పొడవు గల ఆర్మ్ ఉన్న వాహనం నుంచి తెచ్చిన స్ప్రింగు ఇక్కడ అదే ఎత్తును, అదే మెత్తదనాన్ని ఇస్తుందని ఆశించలేము. పైగా మోయగల భారాన్ని స్ప్రింగు ఒక్కటే నిర్ణయించదు. ఛాసీ, ఇరుసు, బేరింగు, బ్రేకు, టైరు అనే వరుసలో అతి బలహీనమైనది ఏదో అదే వాహనం హద్దు.

విప్పే సమయంలో పొంచి ఉన్న ప్రమాదం మరొకటి. మిల్లీమీటరుకు 60 న్యూటన్ల బిగువు గల స్ప్రింగు 150 మిల్లీమీటర్లు అణగి ఉన్నప్పుడు దాని తోపుడు 9,000 న్యూటన్లు, అంటే సుమారు 900 కిలోల బరువుకు సమానం. దానిలో దాగి ఉన్న శక్తి 675 జౌళ్లు. 70 కిలోల మనిషి దాదాపు ఒక మీటరు ఎత్తు నుంచి పడినప్పటి శక్తి అది. స్ప్రింగు కంప్రెసర్ లేకుండా, గొలుసు కట్టకుండా, కింది ఆర్మ్‌ను జాకీతో ఆపకుండా బాల్ జాయింట్ విప్పడం ప్రాణాంతకం కాగలదు.

చక్రాల కోణాలు, టైర్ల అరుగుదల

ఎత్తు మారితే కోణాలు మారతాయి. ఫోర్డ్ సంస్థ 1965 నమూనా పికప్‌లలో ప్రవేశపెట్టిన ట్విన్ ఐ-బీమ్ పద్ధతి దీనికి మంచి నిదర్శనం. అందులో ప్రతి ముందు చక్రానికీ ఒక దుక్క ఇరుసు ఉంటుంది. కుడి చక్రపు ఇరుసు ఛాసీ ఎడమ వైపున, ఎడమ చక్రపు ఇరుసు కుడి వైపున కీలుపై తిరుగుతాయి. గట్టితనంలో దీనికి మంచి పేరుంది. కాని వాహనం ఎత్తు పెరిగితే చక్రాల పైభాగం బయటికి వాలి టైరు బయటి అంచు అరుగుతుంది. ఎత్తు తగ్గితే పైభాగం లోపలికి వాలి లోపలి అంచు అరుగుతుంది. బరువైన నమూనా నుంచి స్ప్రింగులు తెచ్చి వేసి ‘బండి లేచింది’ అని సంతోషించే లోపే టైర్లు ఒక వైపు అరిగిపోవడానికి కారణం ఇదే.

మూడు కోణాలను మార్పిడి అనంతరం తప్పక సరిచూడాలి. చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం క్యాంబర్. స్టీరింగ్ తిరిగే అక్షం ముందు వెనుకలకు వాలే కోణం క్యాస్టర్. ఇది తగ్గితే వాహనం తిన్నగా నడవక తిరుగాడుతుంది, మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కు రాదు. రెండు చక్రాల ముందు అంచుల మధ్య, వెనుక అంచుల మధ్య దూరాల భేదం టో. అలైన్‌మెంట్ యంత్రం ఈ కోణాలను కొలవగలదు గాని, సరిపడని భాగాల జోడును సరైనదిగా మార్చలేదు. సర్దుబాటు హద్దులో కోణాలు కుదరకపోతే దోషం సర్దుబాటులో కాక ఎంపికలోనే ఉన్నదని గ్రహించాలి.

కారు భాగాలు పికప్‌కు తగునా?

అమెరికాలో పాత పికప్‌లకు కార్ల ముందు సస్పెన్షన్‌ను అమర్చే వాడుక కూడా ఉంది. 1974-78 నాటి ఫోర్డ్ మస్టాంగ్-2 కారు అమరిక ఇందులో ప్రసిద్ధమైనది. చిన్న పరిమాణం, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ దాని ఆకర్షణ. అయితే ఆ కారు బరువు 1,200-1,300 కిలోల ప్రాంతంలోనిది. అంత బరువు కోసం రూపొందిన బ్రేకులను, ఆర్మ్‌లను పని వాహనానికి యథాతథంగా తగిలించడం సరికాదు. 2003-11 మధ్య వచ్చిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కారు అల్యూమినియం అమరిక మరొకటి. ఇది సుమారు 1,850 కిలోల కారుకు చెందినది గనుక బ్రేకులు పెద్దవి. కాని దాని చక్రాల వెడల్పు ఎక్కువ, కాబట్టి లోపలికి బాగా జరిగి కూర్చునే ప్రత్యేక చక్రాలు లేకుంటే టైర్లు మడ్‌గార్డు దాటి బయటికి వస్తాయి. ఇటువంటి మార్పులు విహారానికి వాడే వాహనాలకు ఉద్దేశించినవి. వీటిలో ఛాసీని కోయడం, వెల్డింగ్ చేయడం కూడా ఉంటుంది. బస్తాలు మోసే వాహనానికి వీటిని ఆదర్శంగా తీసుకోరాదు.

కారుకు, పికప్‌కు ఉన్న తేడాను ఒక లెక్క స్పష్టం చేస్తుంది. చక్రాల ఇరుసుల మధ్య దూరం 2.9 మీటర్లు గల పికప్ ఖాళీగా 2,000 కిలోల బరువు, గురుత్వ కేంద్రం 0.7 మీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. గురుత్వ త్వరణంలో 0.6 వంతు తీవ్రతతో బ్రేకు వేస్తే వెనుక నుంచి ముందుకు మారే భారం సుమారు 290 కిలోలు. అదే వాహనం లోడుతో 3,000 కిలోలై, గురుత్వ కేంద్రం 0.9 మీటర్లకు లేచినప్పుడు మారే భారం సుమారు 559 కిలోలు. బరువు ఒకటిన్నర రెట్లు పెరిగితే ముందు ఇరుసుపై పడే అదనపు భారం దాదాపు రెట్టింపయింది. ఖాళీ బండితో చేసిన పరీక్ష లోడు బండికి హామీ కాదనడానికి ఇదే ఆధారం.

మన ప్రాంతానికి వర్తించే అంశాలు

తెలుగు రాష్ట్రాలలోని పికప్ వాహనాలలో ముందు కమాన్ పట్టీలతో దుక్క ఇరుసు ఉన్నవీ, విడివిడి ఆర్మ్‌లతో కదిలే అమరిక ఉన్నవీ రెండూ తిరుగుతున్నాయి. కమాన్ పట్టీల వాహనాలలో మార్పిడి కొంత సులభంగా కనిపిస్తుంది. అయినా పట్టీల సంఖ్య, మధ్య బోల్టు స్థానం, కన్ను నుంచి కన్నుకు దూరం, యూ-బోల్టు వెడల్పు కలవాలి. పట్టీల మధ్య బోల్టు కొద్ది మిల్లీమీటర్లు జరిగినా ఇరుసు ఒక వైపు ముందుకు పోయి వాహనం పక్కకు లాగుతుంది. ఇరుసుకు, పట్టీలకు మధ్య పెట్టే ఏటవాలు ముక్క తలకిందులైతే క్యాస్టర్ తారుమారవుతుంది. దుక్క ఇరుసు వాహనానికి విడి ఆర్మ్‌ల అమరికను తగిలించడం, లేదా అందుకు విరుద్ధంగా చేయడం మరమ్మతు పరిధిని దాటిన పని.

ఇక్కడ చట్టం కూడా ప్రవేశిస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ నియమాన్ని స్థిరపరచింది. అదే సంవత్సరం సవరణతో చేరిన 182-ఎ సెక్షన్, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ విధించవచ్చని చెబుతున్నది. అరిగిన భాగం స్థానంలో అదే నిర్దేశం గల భాగాన్ని వేయడం మరమ్మతు. వాహనం మౌలిక స్వరూపాన్ని మార్చడం మార్పు. ఈ గీతను దాటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం యజమాని బాధ్యత. ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం విషయంలోనూ ఈ భేదమే వివాదానికి మూలం కాగలదు.

పాటించవలసిన క్రమం

మార్పిడికి పూనుకునేవారు ఈ వరుసను అనుసరించడం ఉపయోగకరం.

మొదట, దాత వాహనం నమూనా, తయారైన సంవత్సరం, ముందు ఇరుసుకు నిర్దేశించిన భారం, భాగాలపై పోతపోసిన సంఖ్యలు నమోదు చేయాలి. దాత వాహనపు ముందు ఇరుసు భారం మన వాహనం కంటే తక్కువ కారాదు.

రెండవది, పాత స్టబ్ యాక్సిళ్లను, ఆర్మ్‌లను శుభ్రపరచి పగుళ్ల పరీక్ష చేయించాలి. రంగు చొచ్చుకుపోయే పరీక్ష గాని, అయస్కాంత పొడి పరీక్ష గాని ఇందుకు తగినవి. ప్రమాదానికి గురైన వాహనపు భాగాలను వాడరాదు. వంగిన స్టబ్ యాక్సిల్‌ను వేడిచేసి తిన్నగా చేయించడం ఎన్నడూ తగదు.

మూడవది, బాల్ జాయింట్లు, బుష్‌లు, బేరింగులు, గ్రీజు సీళ్లు, బ్రేకు గొట్టాలు, స్ప్లిట్ పిన్నులు, యూ-బోల్టులు కొత్తవే వేయాలి. పాత సామాన్ల దుకాణం నుంచి తేదగినవి దృఢమైన ఉక్కు భాగాలే గాని, అరిగే భాగాలు కావు.

నాలుగవది, రబ్బరు బుష్‌ల బోల్టులను వాహనం చక్రాలపై నిలిచి, తన సహజ ఎత్తుకు వచ్చిన తరువాతనే పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎల్లప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది.

ఐదవది, స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తిప్పి, బ్రేకు గొట్టం ఎక్కడా లాగబడటం లేదని, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూడాలి. చక్రం పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి కదిలిన స్థితులలోనూ ఈ పరీక్ష చేయాలి.

ఆరవది, అలైన్‌మెంట్ అనంతరం ఖాళీ వాహనంతో, తరువాత సగం లోడుతో, చివరకు అనుమతించిన పూర్తి లోడుతో తక్కువ వేగంలో బ్రేకు పరీక్ష జరపాలి. 100 కిలోమీటర్ల తరువాత బోల్టులన్నీ మరల సరిచూడాలి. 1,000 కిలోమీటర్ల తరువాత టైర్ల అరుగుదలను పరిశీలించాలి. లోపాన్ని తొలుత తెలియజేసేది టైరే.

ముగింపు

అమెరికాలో పాత భాగాల పరస్పర వినియోగం ఇంత క్రమబద్ధంగా సాగడానికి మెకానిక్‌ల చొరవ ఒక కారణమైతే, ఏ భాగం ఏయే వాహనాలకు సరిపోతుందో సంఖ్యలతో సూచించే హాలండర్ మాన్యువల్ వంటి పట్టికలు 1930ల నుంచి అందుబాటులో ఉండడం మరొక కారణం. మన గ్రామీణ మెకానిక్‌కు అనుభవమే గ్రంథం. ఆ అనుభవం విలువైనదే గాని, అది ఒక వ్యక్తితోనే ఆగిపోతుంది, పొరపాటు జరిగితే దాని మూల్యాన్ని డ్రైవరు చెల్లిస్తాడు. వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలు తమ ప్రాంతంలో తిరిగే పికప్ వాహనాల ముందు సస్పెన్షన్ కొలతలను, బాల్ జాయింట్ కోనాకారాలను, బోల్టుల వలయాలను, ఇరుసు భారాలను కొలిచి తెలుగులో పట్టికలుగా ప్రచురిస్తే అది విద్యార్థులకు మంచి క్షేత్ర పరిశోధన అవుతుంది, వర్క్‌షాపులకు నిత్యావసర సాధనమవుతుంది. పట్టిక చేతిలో ఉన్న మెకానిక్ ‘దూరింది కదా’ అని ఆగిపోడు, ‘సరిపోయిందా’ అని కొలిచి చూస్తాడు. రైతు పంటకు, డ్రైవరు ప్రాణానికి రక్షణ ఆ కొలతలోనే ఉంది.